పాత మాన్యువల్ లెన్సు, కొత్త బాడీ: కొనే ముందు చూడాల్సినవి, తగిలించాక చేయాల్సినవి

శ్రీకాకుళం, విజయనగరం స్టూడియోల బీరువాల్లో ఫిల్ము కాలం నాటి లెన్సులు ఇంకా ఉన్నాయి. 50 ఎఫ్ 1.8, 135 ఎఫ్ 2.8, అదృష్టం ఉంటే నికాన్ 105 ఎఫ్ 2.5 (ముందు అంకె మి.మీ.లలో ఫోకల్ లెంగ్త్, ఎఫ్ పక్కన అంకె అపెర్చర్, అంటే వెలుగు వెళ్ళే రంధ్రం; ఆ అంకె ఎంత తక్కువైతే రంధ్రం అంత పెద్దది). గాజు శుభ్రంగా ఉన్నంతకాలం వాటి పని అవి చేస్తాయి. కాలిపోయే మోటారు లేదు, చెడిపోయే సర్క్యూటు లేదు. చిక్కంతా కెమెరా బాడీతోనే వస్తుంది. చిప్పు లేని లెన్సు తగిలిస్తే కొత్త కెమెరాకి అక్కడ లెన్సు ఉన్నట్టే తెలియదు. తెలియకపోయినా పని చేయనిస్తుందా, మొరాయిస్తుందా అన్నది ఆ బాడీ చేసిన కంపెనీ చేతిలో ఉంటుంది.

కంపెనీలు ఈ లెన్సులకు సపోర్టు కొనసాగించాలి. దీనికయ్యే ఖర్చు ఎంత తక్కువో తెలిస్తే ఈ మాట గట్టిగా అనడానికి సంకోచం ఉండదు. పాత లెన్సుకి ఆటోఫోకస్ తెప్పించమని ఎవరూ అడగడం లేదు. లెన్సు గుర్తుపట్టకపోయినా షట్టర్ పడాలి. ఫోకల్ లెంగ్త్ మనం చేత్తో ఇచ్చుకునే వీలుండాలి. ఒక్క బటన్ నొక్కితే బొమ్మ పెద్దదై కనబడాలి. ఫోకస్ కుదిరిన అంచులకు రంగు పూసి చూపే పీకింగ్ ఉండాలి. నాలుగైదు లెన్సుల పేర్లు గుర్తుంచుకోవాలి. ఈ ఐదూ సాఫ్ట్‌వేర్‌లో ఉండేవే, వీడియో తీసేవాళ్ళ కోసమో ఇంకొకరి కోసమో చాలా బాడీల్లో ఇప్పటికే సగానికి పైగా ఉన్నవే. లోహపు భాగాల సంగతి వేరు. మౌంటు (లెన్సు బాడీకి తగులుకునే చోటు) మార్చడానికి కంపెనీకి నిజమైన కారణాలు ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఒక మెనూ లైను తీసేయడానికి మాత్రం అలాంటి కారణం కనబడదు.

కంపెనీల చరిత్రలో రెండు దారులూ ఉన్నాయి. కానన్ 1987లో ఈఎఫ్ మౌంటు తెచ్చి, అంతకు ముందున్న ఎఫ్‌డీ లెన్సులన్నిటినీ పక్కన పెట్టేసింది. నికాన్ 1959 నాటి ఎఫ్ మౌంటుని డిజిటల్ దాకా లాక్కొచ్చింది. పెంటాక్స్ 1975లో మొదలుపెట్టిన కె మౌంటు మీదే ఇప్పటికీ డీఎస్ఎల్ఆర్‌లు (లోపల అద్దం ఉన్న డిజిటల్ కెమెరాలు) చేస్తోంది. అలాగని పేరు చూసి కొనేయకూడదు. ఒకే కంపెనీలో ఒక మోడల్ ఆదుకుంటుంది, పక్క మోడల్ ఆదుకోదు.

బాడీ కొనేటప్పుడు

మీ లెన్సు, అడాప్టరు (ఒక మౌంటు లెన్సుని ఇంకో మౌంటు బాడీకి కలిపే రింగు) రెండూ వెంట తీసుకెళ్ళి కౌంటరు దగ్గరే తగిలించి చూడండి. సెకండ్ హ్యాండ్ బాడీ అయితే ఇది మరీ అవసరం.

నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో చూడాల్సింది ఒక చిన్న లోహపు పలక. మౌంటు రింగుకి బయటి అంచున, లెన్సు తీసేసి ఎదురుగా చూస్తే కనబడుతుంది. వేలితో నెడితే రింగు చుట్టూ జరిగి, వదిలితే వెనక్కి వస్తుంది. 1977లో వచ్చిన ఏఐ లెన్సుల అపెర్చర్ రింగు ఈ పలకనే నెట్టి, తాను ఏ ఎఫ్ నంబరు మీద ఉందో బాడీకి చెబుతుంది. డీ7000, డీ7100, డీ7200, డీ610, డీ750, డీ810, డీ850, డీ500లలో ఇది ఉంది. వీటి మెనూలో "నాన్ సీపీయూ లెన్స్ డేటా" దగ్గర ఫోకల్ లెంగ్త్, గరిష్ఠ అపెర్చర్ ఇచ్చి తొమ్మిది లెన్సులు దాచుకోవచ్చు. వెలుగు కొలిచే మీటరు పనిచేస్తుంది, ఎ మోడ్ (అపెర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా ఎంచుకునేది) పనిచేస్తుంది.

2017లో వచ్చిన డీ7500లో నికాన్ ఆ పలక తీసేసింది. దానికి రెండేళ్ళ ముందు వచ్చిన డీ7200లో ఉన్న వసతి, దాని తర్వాతి మోడల్‌లో లేదు. పైసల్లో చూస్తే అది చిన్న ముక్కే. పది పాత లెన్సులున్న మనిషికి మాత్రం అది మొత్తం మీటరు పోయినట్టు. డీ3000, డీ5000 వరసల్లో మొదటి నుంచీ లేదు. వాటిలో ఏఐ లెన్సు తగులుతుంది, అన్నీ చేత్తో పెట్టుకునే ఎం మోడ్‌లో షట్టర్ పడుతుంది, మీటరు ఉండదు. వ్యూఫైండర్ కింద ఆకుపచ్చ చుక్క మాత్రం ఫోకస్ కుదిరిందని చెబుతుంది. లెన్సు ఎఫ్ 5.6 లేదా అంతకన్నా వెలుగున్నది అయితే ఆ చుక్కను నమ్మవచ్చు.

ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. 1977కి ముందు నాన్ ఏఐ లెన్సుని పలక ఉన్న బాడీకి బలవంతంగా తిప్పి తగిలిస్తే ఆ పలక విరుగుతుంది. అపెర్చర్ రింగు మీద పెద్ద అంకెలు ఒక వరస, వాటి వెనక చిన్న అంకెలు ఇంకో వరస ఉంటే అది ఏఐ. ఒకే వరస ఉండి, రింగు పైన ఉన్న లోహపు చెవులకు రంధ్రాలు లేకపోతే నాన్ ఏఐ అనుకుని ఆగండి. 2013 నాటి నికాన్ డీఎఫ్‌లో ఆ పలక పైకి మడుచుకుంటుంది కాబట్టి నాన్ ఏఐ కూడా తగులుతుంది. మంచి ఇంజనీరింగ్ అంటే అదీ. మిగతా మోడళ్ళలో కూడా అలా చేసి ఉంటే ఎన్నో పలకలు మిగిలేవి.

మిర్రర్‌లెస్ (అద్దం లేని కెమెరా) అయితే మెనూ తెరవండి. సోనీలో "రిలీజ్ వితౌట్ లెన్స్", ఫుజీలో "షూట్ వితౌట్ లెన్స్", కానన్ ఆర్ బాడీల్లో "రిలీజ్ షట్టర్ వితౌట్ లెన్స్". ఇది ఆన్ చేయకపోతే బటన్ ఎంత నొక్కినా షట్టర్ పడదు. అడాప్టరు పాడైందని తిరిగిచ్చేసేవాళ్ళలో చాలామందికి అసలు కారణం ఇదే.

బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సెన్సరు కదిలించి సరిదిద్దే వసతి) ఉంటే ఫోకల్ లెంగ్త్ ఎక్కడ ఇవ్వాలో వెతకండి. పెంటాక్స్ పాత లెన్సుతో ఆన్ చేయగానే తనే అడుగుతుంది. సోనీలో స్టెడీషాట్ సెట్టింగుని ఆటో నుంచి మాన్యువల్‌కి మార్చి అంకె ఇవ్వాలి. నికాన్ జెడ్‌లో నాన్ సీపీయూ జాబితా ఇరవై లెన్సులు పడుతుంది. 50 లెన్సుకి 50 అనే ఇవ్వండి. సెన్సరు చిన్నదని 75 ఇవ్వకండి, ఆ లెక్క కెమెరా చూసుకుంటుంది. 135 తీసేసి 50 తగిలించి అంకె మార్చడం మరిచిపోతే సెన్సరు కదలాల్సిన దానికన్నా ఎక్కువ కదిలి, బొమ్మ స్టెబిలైజేషన్ ఆపేసినప్పటికన్నా ఎక్కువ అలుక్కుపోతుంది. అంకె తక్కువైతే నష్టం తక్కువ, లాభమూ తక్కువ. ఏ లెన్సు ఎప్పుడు తగిలిస్తామో తెలియని పెళ్ళి పందిట్లో ఈ అంకెను ఒక బటన్‌కి పెట్టుకోవడం మంచిది. ఆ వీలు లేని బాడీ అయితే ధర ఎంత తగ్గించినా ఇంకోటి చూసుకోండి.

ఏ లెన్సు ఏ బాడీకి: లెక్క ఇది

లెన్సు వెనక అంచు నుంచి ఫిల్ము దాకా ఉండాల్సిన దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. నికాన్ ఎఫ్ 46.5 మి.మీ., ఒలింపస్ ఓఎం 46, పెంటాక్స్ కె, ఎం42 (మరలా తిప్పి బిగించే మౌంటు) రెండూ 45.46, కానన్ ఈఎఫ్ 44, మినోల్టా ఎండీ 43.5, కానన్ ఎఫ్‌డీ 42. మిర్రర్‌లెస్‌లో కానన్ ఆర్ఎఫ్ 20, సోనీ ఇ 18, ఫుజీ ఎక్స్ 17.7, నికాన్ జెడ్ 16.

లెన్సు అంకెలోంచి బాడీ అంకె తీసేస్తే అడాప్టరు మందం వస్తుంది. నికాన్ ఎఫ్ లెన్సు సోనీకి 28.5 మి.మీ., జెడ్‌కి 30.5. అంకె మైనస్‌లో వస్తే ఆ జత దూరానికి ఫోకస్ అవ్వదు. ఎం42 లెన్సుని నికాన్ డీఎస్ఎల్ఆర్‌కి పెడితే 1.04 మి.మీ. ఎక్కువ దూరం పడుతుంది. 50 మి.మీ. లెన్సు అప్పుడు ఎంత తిప్పినా సుమారు 2.4 మీటర్లు దాటి ఫోకస్ కాదు. పూవులు తీసుకోవచ్చు, వీధి తీయలేం. మధ్యలో గాజు పెట్టి ఆ లోటు తీర్చే అడాప్టర్లు దొరుకుతాయి కానీ చవక గాజు బొమ్మ పదును తినేస్తుంది. వాటి జోలికి పోకండి.

ఈ లెక్కలోనే ఒక విశేషం ఉంది. కానన్ ఈఎఫ్ డీఎస్ఎల్ఆర్ 44 మి.మీ. కాబట్టి నికాన్, పెంటాక్స్, ఓఎం, ఎం42 లెన్సులన్నీ సన్నటి రింగుతో దానికి తగులుతాయి, ఏవీ మోడ్‌లో (కానన్‌లో ఎ మోడ్ పేరు) మీటరు కూడా పనిచేస్తుంది. తన సొంత ఎఫ్‌డీ లెన్సులు మాత్రం తగలవు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్ళకి పాత కానన్ డీఎస్ఎల్ఆర్ మంచి దారి. ఫుల్‌ఫ్రేమ్ (ఫిల్ము అంత సెన్సరున్న) బాడీల్లో కొన్ని లెన్సుల వెనక భాగం అద్దానికి తగులుతుంది కాబట్టి మొదటిసారి లైవ్ వ్యూలోనే (వెనక తెర మీదే) చూడండి.

అడాప్టరు

చవక అడాప్టర్లు కావాలనే కాస్త పలచగా చేస్తారు. అప్పుడు లెన్సు అనంతం గుర్తు చేరకముందే దూరపు వస్తువు పదునెక్కుతుంది, గుర్తు దాకా తిప్పితే అది దాటిపోతుంది. దీంతో బతకొచ్చు. మందం ఎక్కువైతే మాత్రం బతకలేం. 0.1 మి.మీ. మందం ఎక్కువైందనుకోండి: 50 మి.మీ. లెన్సు 25 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, 24 మి.మీ. లెన్సు ఆరు మీటర్లైనా చేరదు, 135 మాత్రం 180 మీటర్ల దాకా పోతుంది. అందుకని అడాప్టరుని మీ దగ్గరున్న అతి వెడల్పు లెన్సుతో పరీక్షించండి. కళింగపట్నం బీచ్‌లో బాగా ఎడంగా నిలబడితే లైట్‌హౌస్ ఉంది. ఊళ్ళో అయితే కిలోమీటరు అవతలి సెల్ టవర్. పూర్తి అపెర్చర్‌లో, మాగ్నిఫై చేసి, ట్రైపాడ్ మీద చూడాలి.

తర్వాత లెన్సు పట్టుకుని మెల్లగా ఊపండి. ఎం42 కాని ఏ అడాప్టరైనా కాస్త కదులుతుంది. టక్‌టక్‌మంటే మాత్రం వద్దు, మాక్రోలో ఫోకస్ నిలవదు. లోపలి గోడ మెరుస్తుంటే ఎఫ్ 11, ఎఫ్ 16 దగ్గర బొమ్మ మధ్యలో తెల్లటి మచ్చ కనబడవచ్చు. నల్లటి ఫెల్టు సన్నగా కత్తిరించి లోపల అంటిస్తే చాలావరకు తగ్గుతుంది. నూలు పోగులు రాలే గుడ్డ వాడకండి, అవి సెన్సరు మీదకి చేరతాయి. మచ్చ అప్పటికీ పోకపోతే అది లెన్సు వెనక గాజుకీ సెన్సరుకీ మధ్య ప్రతిబింబం. ఇంకాస్త పెద్ద అపెర్చర్‌లో తీయడమే మార్గం.

ఎం42 లెన్సుకి పక్కన ఎ, ఎం అని మీట ఉంటే ఎం మీద పెట్టాలి. లేకపోతే రింగు ఎంత తిప్పినా అపెర్చర్ బ్లేడ్లు తెరుచుకునే ఉంటాయి. మీట లేని లెన్సుకి వెనక సూదిని నొక్కి ఉంచే అంచున్న అడాప్టరు కావాలి. ఎఫ్‌డీ అడాప్టరుకి "లాక్, ఓపెన్" అని ఇంకో రింగు ఉంటుంది. అది ఓపెన్ మీద ఉంటే అపెర్చర్ ఎప్పుడూ పూర్తిగానే ఉంటుంది. నికాన్ జి లెన్సులకు అసలు అపెర్చర్ రింగే ఉండదు కాబట్టి రింగున్న ప్రత్యేక అడాప్టరు తీసుకోండి. నికాన్ సొంత ఎఫ్‌టీజెడ్ (ఎఫ్ లెన్సుల్ని జెడ్ బాడీకి తగిలించే అడాప్టరు) వాడేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి: అందులో మోటారు లేదు, బాడీ మోటారుతో ఫోకస్ అయ్యే పాత ఏఎఫ్ డి లెన్సులు దానితో చేత్తో ఫోకస్ చేసుకోవాల్సిందే.

లెన్సు పరీక్ష

ముందూ వెనకా మూతలు తీసి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము చుక్కలు ఎన్ని ఉన్నా పట్టించుకోకండి. అంచు నుంచి లోపలికి కొమ్మలు కొమ్మలుగా పాకిన సన్నటి పోగులు కనబడితే అది ఫంగస్. గాజు మొత్తం పాలపొర కట్టినట్టుంటే హేజ్. అది పదునుని అంతగా తగ్గించదు గానీ ఎదురు వెలుతురులో నలుపు బూడిదరంగు అవుతుంది. అంచున ఇంద్రధనుస్సు రంగుల బుడగల్లా ఉంటే రెండు గాజుల్ని అతికించిన జిగురు విడిపోతోందని అర్థం. అది బాగుచేయించడం లెన్సు ధర కన్నా ఎక్కువవుతుంది, వదిలేయండి.

ఎఫ్ 16 మీద పెట్టి వెనక మీటను నెట్టి వదలండి. బ్లేడ్లు తక్షణం మూసుకోవాలి. బద్ధకంగా కదిలితే వాటి మీద నూనె చేరింది. నికాన్ 55 మి.మీ. ఎఫ్ 2.8 మైక్రోకి (చాలా దగ్గరి బొమ్మల లెన్సు) ఈ జబ్బు పేరుమోసింది. అయితే బేరం ఆడే ముందు మీ బాడీ ఏదో చూసుకోండి. డీఎస్ఎల్ఆర్‌లో షట్టర్ పడే క్షణంలోనే బ్లేడ్లు మూసుకోవాలి కాబట్టి నూనె ఉంటే ప్రతి బొమ్మా తెల్లబోతుంది. మిర్రర్‌లెస్‌లో ఉత్త అడాప్టరుతో బ్లేడ్లు ముందే మూసుకుని ఉంటాయి, బద్ధకం వల్ల పెద్దగా నష్టం లేదు. నూనె లెన్సు తక్కువకే వస్తే మిర్రర్‌లెస్ వాళ్ళు నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఫోకస్ రింగు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే బరువుతో తిరగాలి. మధ్యలో పట్టేస్తే గ్రీజు ఎండింది. గరగరమంటే ఇసుక చేరింది. సముద్రపు ఇసుక చేరిన హెలికాయిడ్ (ఫోకస్ రింగు లోపలి మర) తిప్పినకొద్దీ పాడవుతుంది, కొనకండి. సూపర్ టకుమార్ 50 ఎఫ్ 1.4లో ఏడు గాజుల రకం పసుపుగా కనబడితే భయపడకండి. అందులో థోరియం కలిపిన గాజు వాడారు. అల్ట్రావయొలెట్ వెలుతురులో కొన్నాళ్ళు ఉంచితే పసుపు చాలావరకు దిగిపోతుంది.

ఫోకస్ చేసే పద్ధతి

అన్నిటికన్నా ముందు వ్యూఫైండర్ పక్కనున్న డయాప్టర్ చక్రం తిప్పి, తెర మీది అంకెలు పదునుగా కనబడేలా చూసుకోండి. ఇది తప్పితే కంటికి ఏదీ సరిగ్గా కనబడదు, ఆ తప్పంతా లెన్సు మీద పడుతుంది.

పీకింగ్ ఎరుపు రంగులో, లో లెవెల్‌లో పెట్టండి. హై లెవెల్‌లో పెడితే ముక్కు, కన్ను, చెవి మూడూ ఎర్రబడి ఏది పదునుగా ఉందో తెలియదు. పీకింగ్ కాంట్రాస్టును చూస్తుంది, పదునుని కాదు. కాటుక పెట్టిన కనురెప్ప మీద త్వరగా ఎర్రబడుతుంది, తెల్లటి ఖద్దరు మీద ఎర్రబడదు. కాబట్టి పీకింగ్‌తో దగ్గరికి తెచ్చి, మాగ్నిఫైతో ఖాయం చేయాలి. మాగ్నిఫైని బొటనవేలికి అందే బటన్‌కి పెట్టుకోండి. రెండు మెనూలు దాటి వెళ్ళాల్సివస్తే ఆ పని ఎవరూ చేయరు.

ఎఫ్ 5.6, ఎఫ్ 8లలో తీసేటప్పుడు పూర్తి అపెర్చర్‌లో ఫోకస్ చేసి తర్వాత రింగు తిప్పండి. ఎఫ్ 2 నుంచి ఎఫ్ 4 మధ్య తీసేటప్పుడు మాత్రం తీసే అపెర్చర్‌లోనే ఫోకస్ చేయండి. వెలుగు ఎక్కువున్న పాత లెన్సులు కొన్నిటిలో అపెర్చర్ మార్చగానే ఫోకస్ కాస్త జరుగుతుంది. డీఎస్ఎల్ఆర్ అద్దాల వ్యూఫైండర్‌ని ఈ పనికి నమ్మకూడదు. ఇప్పటి తెరలు వెలుగు తక్కువ జూము లెన్సుల కోసం చేసినవి, ఎఫ్ 2.8 కన్నా పెద్ద అపెర్చర్ ఇచ్చే పలచటి ఫోకస్ వాటిలో కనబడదు. లైవ్ వ్యూ వాడండి.

పొందూరు ఖాదీ దగ్గరనుంచి తీయడం మంచి సాధన. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ దవడ పళ్ళ మధ్య చిక్కిన పత్తి, రాట్నం మీది సన్నటి నూలు రెండూ 55 మి.మీ. మైక్రోకి సరైన పని. ఆ లెన్సు పావు మీటరు దగ్గర సగం సైజు ఇస్తుంది, అంటే వస్తువు సెన్సరు మీద దాని సగం సైజులో పడుతుంది. ఆ దూరంలో ఎఫ్ 8 పెట్టినా ఫోకస్ లోతు సుమారు మూడు మిల్లీమీటర్లే. రింగు తిప్పుతూ కూర్చుంటే కుదరదు. రింగుని సగం సైజు గుర్తు మీద వదిలేసి, కెమెరానే ముందుకీ వెనక్కీ మిల్లీమీటర్లలో జరపండి. నూలు పోగు మీద లేచిన సన్నటి నూగు ఒక్కొక్కటిగా విడివడి కనబడినప్పుడు నొక్కండి. చేతిలో అయితే మూడు, నాలుగు వరసగా తీయండి, ఒకటి కుదురుతుంది. సగం సైజులో వెలుగు ఒక స్టాపు (అంటే సగానికి) పైచిలుకు తగ్గుతుంది. మీటరు ఆ లెక్క తనే చూస్తుంది. చేత్తో ఫ్లాష్ పెట్టుకునేవాళ్ళు మాత్రం కలుపుకోవాలి.

తేలినీలాపురంలో గూళ్ళ మీద కూర్చున్న పెలికాన్లకు 200 ఎఫ్ 4 సరిపోతుంది. ఇరవై మీటర్లలో ఎఫ్ 4 దగ్గర రెండున్నర మీటర్ల లోతు దొరుకుతుంది కాబట్టి గూడు మొత్తం పదునుగా వస్తుంది. ఎగిరే పక్షికి మాత్రం మాన్యువల్ లెన్సు వద్దు. ఆ పనికి ఆటోఫోకస్ పుట్టింది, దాన్నే వాడండి.

విజయనగరంలో దసరా తర్వాతి మంగళవారం జరిగే సిరిమానోత్సవంలో ఆ జనంలో కంటికి కెమెరా ఆనించి ఫోకస్ చేసే వ్యవధి దొరకదు. 28 మి.మీ. లెన్సుని ఎఫ్ 8 మీద, దూరం 3.3 మీటర్ల మీద పెట్టి టేపుతో అంటించేయండి. ఫుల్‌ఫ్రేమ్‌లో సుమారు 1.7 మీటర్ల నుంచి అనంతం దాకా పదును వస్తుంది. చిన్న సెన్సరు బాడీ అయితే ఐదు మీటర్ల మీద పెట్టాలి, అప్పుడు రెండున్నర మీటర్ల నుంచి వస్తుంది. లెన్సు మీది లోతు గీతలు ఫిల్ము ప్రింటుల లెక్క. పెద్ద సెన్సరు బొమ్మని దగ్గరగా చూస్తాం కాబట్టి ఎఫ్ 8లో తీస్తూ ఎఫ్ 5.6 గీతల్ని నమ్మండి. షట్టర్ 1/250 కన్నా తగ్గకుండా, ఐఎస్ఓ ఆటోలో. ఇక దృష్టంతా మాను మీద పెట్టవచ్చు. ఇలాంటి చోట దూరం గీతలు చెక్కిన పాత లెన్సే కొత్త లెన్సు కన్నా నయం. చాలా కొత్త లెన్సులకు ఆ గీతలే లేవు.

ఎక్స్‌పోజరు

మిర్రర్‌లెస్‌లో ఎ మోడ్ చాలు. లెన్సు ఎంత మూస్తే సెన్సరుకి అంత వెలుగే పడుతుంది, కెమెరా దాన్ని బట్టి షట్టర్ ఎంచుకుంటుంది. పెంటాక్స్‌లో కె, ఎం వరస లెన్సులకు మెనూలో అపెర్చర్ రింగు వాడకాన్ని అనుమతించి, ఎం మోడ్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కాలి. బ్లేడ్లు ఒక్కసారి మూసుకుని మీటరు చూసి షట్టర్ పెడుతుంది. వెలుగు మారినప్పుడల్లా మళ్ళీ నొక్కాలి.

స్టూడియో ఫ్లాష్‌లతో తీసేవాళ్ళకి ఎఫ్ 8 దగ్గర వ్యూఫైండర్ చీకటైపోతుంది. సెట్టింగు ప్రభావం తెర మీద చూపించే మెనూ లైను ఆఫ్ చేస్తే వెలుతురు వస్తుంది. బొమ్మ డేటాలో అపెర్చర్ నమోదవదు కాబట్టి, తర్వాత కావాలనుకుంటే ప్రతి వరసకి ముందు రింగుని ఒక ఫోటో తీసి పెట్టుకోండి. పాత పూతలు ఎదురు వెలుగుకి ఓర్వవు, హుడ్ తీయకండి.

తేమ

మన తీరంలో పాత లెన్సులకు అసలు శత్రువు ఇదే. గాలిలో తేమ 60 శాతం దాటి నిలబడితే ఫంగస్ మొదలవుతుంది. మన దగ్గర వానాకాలం మొత్తం ఆ పైనే. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచాలి. 30 కన్నా తగ్గిస్తే గ్రీజు ఎండుతుంది.

15 నుంచి 20 లీటర్ల గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, చిన్న డిజిటల్ హైగ్రోమీటరు, అర కిలో సిలికా జెల్ సరిపోతాయి. నారింజ రంగు పూసలు తీసుకోండి. నీలం పూసల్లోని కోబాల్టు క్లోరైడ్ విషపదార్థం, ఇంట్లో పిల్లలుంటే అసలే వద్దు. రంగు మారగానే 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచండి. అంతకు మించితే రంగు పూత చెడుతుంది. పూసలు మూతపెట్టిన స్టీలు డబ్బాలో చల్లారాకే లెన్సుల దగ్గర పెట్టాలి. బియ్యంలో లెన్సు దాచే అలవాటు మానేయండి, ఆ పిండి హెలికాయిడ్‌లోకి పోతుంది. తోలు సంచిలో కూడా దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఫంగస్‌కి తిండి కూడా అదే.

కరెంటు డ్రై క్యాబినెట్ ఉన్నవాళ్ళు కూడా ఆ డబ్బా ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. తుపాను హెచ్చరిక రాగానే లెన్సులు డబ్బాలోకి మార్చేయాలి. వేసవిలో కారులో లెన్సు వదలకండి, వేడికి గ్రీజు పలచబడి బ్లేడ్ల మీదకి చేరేది అప్పుడే. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చేటప్పుడు అరగంట సంచి జిప్పు తీయకండి.

ముందు గాజు మీద ఇప్పుడిప్పుడే మొదలైన ఫంగస్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన లెన్సు కాగితంతో తుడవవచ్చు. లోపలికి పాకితే విప్పడం తెలిసినవాళ్ళకే ఇవ్వండి. పూత తినేసిన మచ్చలు ఎవరు తుడిచినా పోవు. ఎండలో పెడితే ఫంగస్ పోతుందని మూతలు తీసి కిటికీలో పెడుతుంటారు. ఉన్న ఫంగస్ అలా పోదు, లెన్సు గుండా పోగైన ఎండకి కర్టెను అంటుకోవచ్చు.

కంపెనీకి రాసేటప్పుడు

సపోర్టు కావాలని మొత్తంగా అడిగితే జవాబు రాదు. ఒక్క ఉత్తరంలో ఒక్క కోరిక రాయండి: బాడీ మోడల్, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్, లెన్సు, అడాప్టరు, ఏ మెనూలో ఏం చేస్తే ఏం జరగలేదో. ఉదాహరణకి, "ఫోకల్ లెంగ్త్ అంకెను కస్టమ్ బటన్‌కి పెట్టుకునే వీలు కావాలి." ఇది ఫర్మ్‌వేర్‌తో ఇవ్వగలిగినది, అవతలి ఇంజనీరుకి ఏం చేయాలో తెలిసేలా ఉన్నది. కొత్త ఫర్మ్‌వేర్ వేసిన ప్రతిసారీ పాత లెన్సు తగిలించి షట్టర్ పడుతుందో, దాచిన లెన్సుల జాబితా ఉందో, మాగ్నిఫై బటన్ పనిచేస్తోందో చూడండి. ఏదైనా పోతే ఆ వారంలోనే రాయండి.